తలవాకిలి దాటని గోవిందరాజు

చింతామణిలోని మా కళాశాల సభామందిరంలో, యుద్ధంలో అసువులు బాసిన పూర్వ విద్యార్థిగా గోవిందరాజు పటం వ్రేలాడుచున్నది. ప్రతి డిసెంబరులోనూ ఆ పటానికి పూలమాల వేయుచుండినవాడు గోవిందరాజే.

అతడు మిట్టేమరి నుండి వచ్చి, నాతోపాటు చదివి, పట్టా పుచ్చుకొని సైన్యంలో చేరాడు. డెబ్బై ఒకటి యుద్ధంలో అదే పేరు గల మరొక సిపాయి మరణించగా, ఆ వార్త పొరపాటున వీరి ఇంటికి చేరినది. దేహం రానందున దర్భబొమ్మను దహనం చేసి కర్మ యావత్తూ జరిపించారు. తొలి మాసికం నాడు గోవిందరాజు వాకిట నిలిచాడు.

కర్మ జరిగినవాడు తిరిగి వచ్చినచో, పసిబిడ్డకు వలె మరల నామకరణం చేసిన పిమ్మటనే తలవాకిలి దాటించవలెనని ఆచారం. అతడు అంగీకరించలేదు.

"నేను చావనే లేదు, మళ్లా యాడ పుట్టేదప్పా?" అని తండ్రితో అన్నాడు.

పెరటి వాకిలి గుండా ఇల్లు చేరాడు. తల్లి చెన్నమ్మ అతనికి విస్తరిలో వడ్డించి, పితృదేవతలకు పెట్టినట్టు, వెనుదిరిగి చూడకుండా వెళ్లిపోయేది.

తరువాత బాగేపల్లి తపాలా కార్యాలయంలో ఉద్యోగం చేశాడు. అంబుజమ్మను వివాహమాడి చింతామణిలో ఇల్లు కట్టుకొన్నాడు. ఆ ఇంటికి సైతం పెరటి వాకిలినే వాడాడు. పటం తీయించమందువా అని ఒకసారి అడిగాను.

"తీయొద్దప్పా. ఆ పిల్లోడు ఇంగా రాలేదు," అన్నాడు.

గత శ్రావణంలో అతడు మరణించాడు. పురోహితుడు రామప్రసాద్ సందేహించాడు.

"ఒకతూరి కర్మ అయిపోయుండాదమ్మా. మళ్లా చేయల్లంటే ముందు ఆయప్ప పుట్టల్ల."

"అయితే పుట్టించండి సామీ," అన్నది అంబుజమ్మ. "బతికినన్నాళ్లూ పెరట్లోనే తిరిగినాడు. సచ్చినాక గూడా ఆడనే తిరగల్లనా?"

పళ్లెంలో బియ్యం పరచి, పసుపుకొమ్ముతో పేరు వ్రాశారు. చెవిలో పలుకుటకు తల్లి లేదు కనుక అంబుజమ్మయే వంగి, భర్త చెవిలో ఆ పేరు పలికినది. చాలాసేపు తల ఎత్తలేదు.

"ఏమమ్మా?" అని రామప్రసాద్ అడిగాడు.

"ఊఁ అన్నాడు," అన్నది, పొయ్యి మీది పాలు పొంగినవని చెప్పినంత మామూలుగా.

బిగుసుకొనిపోయిన తలవాకిలి తలుపులు ఇద్దరు నెట్టి తెరిచారు. ఆ గడప మీదుగా అతనిని తీసికొనిపోయారు.

పటం నేటికీ కళాశాల సభామందిరంలోనే ఉన్నది. ఈ డిసెంబరులో మాల నేను వేశాను. వేసి, వెనుదిరిగి చూడకుండా వచ్చాను.