నా పేరే ముందు రాయండి

పురపాలక సంఘంలో మట్టి తవ్వే ప్రొక్లైన్ నడిపే అతన్ని ఊళ్లో అందరూ మట్టిదొర అనేవారు. మురుగుకాలువ పూడినా, రోడ్డు కుంగినా అతనే రావాలి. నోటి దురుసు ఎక్కువ. ఇంజనీరు గీసిన పటం చూసి, "ఇది కాలవా, పాము నడిచిన జాడా?" అని మొహమ్మీదే అడిగేవాడు.

యుద్ధం ముగిసే ఏడాది ఒక ఉదయం సైనికులు షెడ్డుకొచ్చి, బండితో సహా అతన్ని ఇటుకబట్టీల వెనక మైదానానికి తీసుకెళ్లారు. అక్కడ వాళ్ల కల్నల్ నిలబడి ఉన్నాడు. రెండు నిలువుల లోతు తవ్వమన్నాడు. తవ్వుతుంటే బకెట్ పళ్లు తగిలి నీటి గొట్టం పగిలింది. కల్నల్ బూట్లు తడిసిపోయాయి. అయినా పని ఆపలేదు. మధ్యాహ్నం రెండు లారీల్లో మనుషుల్ని తెచ్చారు. మట్టిదొరను బండి దిగనివ్వలేదు. కాల్పులు ఆగాక పూడ్చమన్నారు. పూడ్చాడు.

తర్వాత ఏడేళ్లు అతని నోరు మూతపడింది. విదేశంలో పట్టుబడ్డ కల్నల్ ఒకరోజు టీవీలో కనిపించాడు. "ఆ గొయ్యి సంగతి నాకు తెలీదు. అప్పటికే నేను ఆ ఊరొదిలి నెలైంది" అన్నాడు.

మట్టిదొర కంచం పక్కకు నెట్టాడు. "అబద్ధాలకోరు! వాడి బూట్లు తడిపింది నేనే!"

ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే అతని భార్య ఆ మాటకు తిరిగి చూసింది. అంతా చెప్పించుకుంది. రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. మూడో రోజు డ్యూటీకి వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"నాకు చెప్పి ఏం లాభం? కోర్టుకెళ్లి చెప్పు. ఏదొచ్చినా ఇద్దరం పడదాం."

షెడ్డు సూపర్‌వైజరు గుసగుసగా హెచ్చరించాడు. "కల్నల్ మనుషులు ఊళ్లోనే ఉన్నారు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోకు."

"గోటితో పోయే రోజులు ఎప్పుడో దాటిపోయాయి సార్."

యుద్ధ నేరాలు విచారించే అంతర్జాతీయ కోర్టు వేరే దేశంలో ఉంది. తెర వెనక కూర్చోబెడతామని, పేరు దాస్తామని అక్కడి అధికారులు చెప్పారు. అతను వద్దన్నాడు. "గోతిలో ఉన్నవాళ్లకి తెర కట్టారా?"

కల్నల్ వకీలు తీయని గొంతుతో మొదలుపెట్టాడు. "తవ్వింది మీరు. పూడ్చింది మీరు. మీ తప్పు ఇంకొకరి నెత్తిన రుద్దుతున్నారు. అంతేగా?"

"తవ్వింది నేనే. దాన్లో దాపరికం ఏముంది? నా పేరే ముందు రాయండి. దాని కింద, తవ్వమన్న ఆయన పేరూ రాయండి."

"ఆ రోజు తేదీకి రుజువుందా?"

"గొట్టం పగిలి సగం ఊరికి రెండ్రోజులు నీళ్లు రాలేదండీ. జనం ఊరుకుంటారా? నీళ్లాఫీసు ఫిర్యాదుల పుస్తకం తెప్పించండి. నన్ను తిట్టిన తిట్లన్నీ తేదీతో సహా ఉంటాయి."

పుస్తకం తెప్పించారు. ఆ తేదీన కల్నల్ అదే ఊళ్లో సంతకాలు చేసిన కాగితాలు ప్రాసిక్యూటర్ దగ్గర ముందే ఉన్నాయి. గొయ్యి తవ్విన రోజేదో తేలక ఇన్నాళ్లూ అవి పనికిరాలేదు. కల్నల్‌కి ముప్పై ఏళ్ల శిక్ష పడింది.

ఊళ్లో మట్టిదొర మీదా కేసు నడిచింది. తుపాకీ గురిపెట్టి చేయించారని కోర్టు వదిలేసింది. అందుకు అతనేమీ సంబరపడలేదు.

గొయ్యి తెరిచే రోజు చోటు చూపించడానికి వెళ్లాడు. కొడుకుని పోగొట్టుకున్న ఒక రిటైర్డ్ టీచరమ్మ ఎదురొచ్చింది.

"నిన్ను నేను క్షమించను."

"అడగడానికి రాలేదమ్మా."

ఆవిడ మైదానం వైపు తిరిగింది. "మావాడు రెండో లారీలో వచ్చాడట. వాళ్లు ఎటు పక్కనున్నారు?"

అతను గొట్టం దగ్గర్నుంచి తూర్పుకి అడుగులు లెక్కబెట్టుకుంటూ నడిచి, ఓ చోట ఆగాడు. ఆవిడ వచ్చి అక్కడ నిలబడింది. కుర్చీ తెస్తామన్నా కూర్చోలేదు. అధికారులు చిన్న తాపీలతో మట్టి తీయడం మొదలుపెట్టారు.