వంతెనకు అటు మూడు నెలలు, ఇటు మూడు నెలలు

గ్రెటా వెండార్ఫ్‌కు రెండు తెల్లకోట్లు ఉండేవి. పిల్లల ఆసుపత్రి కోటు జేబు మీద ఎలుగుబంటి బొమ్మ, పెద్దల ఆసుపత్రి కోటు మీద ఒట్టి పేరు. మిల్వాకీలోని ఆ రెండు ఆసుపత్రులనూ కలుపుతూ మూడో అంతస్తులో ఒక అద్దాల వంతెన ఉంది. మూడు నెలలు అటు, మూడు నెలలు ఇటు పనిచేస్తూ నాలుగేళ్లు శిక్షణ పొందితే, పసిబిడ్డ నుంచి పండుముసలి దాకా ఎవరికైనా వైద్యం చేయగల డాక్టరవుతారు. కాగితం మీద అంతే. పిల్లల వైపువాళ్లు ఆమెను 'పెద్దవాళ్ల డాక్టరు' అనేవారు. పెద్దల వైపువాళ్లు 'బొమ్మల డాక్టరు' అనేవారు. మూడో ఏడు వచ్చేసరికి ఆమె రెండు వెక్కిరింతలకూ నవ్వడం మానేసింది.

ఈ చదువు ఎంచుకున్నది తమ్ముడి వల్ల. ఎమిల్‌కు పుట్టుకతోనే గుండెజబ్బు. పద్దెనిమిదేళ్లు పిల్లల డాక్టర్లు వాణ్ణి కళ్లలో పెట్టుకుని చూశారు. ఆ తర్వాత ఒక పెద్దల డాక్టరు పేరూ నంబరూ రాసిన కాగితం చేతిలో పెట్టి పంపేశారు. రెండేళ్లకు వాడు పోయాక ఆ కాగితం కారులో దొరికింది. మడత కూడా విప్పలేదు. గ్రెటా ఈ సంగతి ఎవరికీ చెప్పేది కాదు. శిక్షణలో చేరేటప్పుడు ఎందుకీ చదువని అడిగితే, "నాకు రెండూ ఇష్టం" అని ఊరుకుంది.

అక్టోబరు ఒకటిన పెద్దల వైపుకు మారింది. మారిన మొదటి రోజు తమలో ఎవర్నీ నమ్మకూడదని ఆ శిక్షణలో ఉన్నవాళ్లే అనుకుంటారు. అంతకుముందు ఒకతను అరవై ఏళ్ల పెద్దమనిషి సూది పొడిపించుకున్నందుకు మెచ్చుకుని స్టిక్కరు ఇచ్చాడు. ఇంకొకావిడ ముసలి రోగిని వదిలేసి పక్కనున్న కూతుర్ని "పొద్దున పాలు తాగిందా?" అని అడిగింది.

ఆ ఉదయం ఎనిమిదింటికే పెద్దల ఎమర్జెన్సీ నుంచి పిలుపు. మంచం మీద మార్క్వెల్ గేన్స్. రక్తకణాలు కొడవలిలా వంకరపోయి ఎముకల్లో నొప్పి తెచ్చే సికిల్ సెల్ జబ్బు కుర్రాడు. రెండేళ్లుగా వంతెనకు అటువైపు గ్రెటాయే చూస్తోంది. మూడు వారాల కిందట ఇరవై ఒకటి నిండితే పిల్లల క్లినిక్‌లో అందరూ కేకు కోయించి, చప్పట్లు కొట్టి వీడ్కోలు చెప్పారు. ఇప్పుడు తొడ ఎముకల్లో నొప్పి మొదలై, పళ్లు బిగబట్టి, ఫోన్లో ఏదో ఆట ఆడుతున్నాడు. నొప్పి మీదనుంచి మనసు మళ్లించుకోవడం వాడికి అలాగే అలవాటు.

పెద్ద డాక్టరు హాల్‌బర్గ్ గ్రెటాను పక్కకు పిలిచాడు. "ఫోన్లో ఆటలాడుకుంటూ నొప్పి పదికి పది అంటాడు. మార్ఫిన్ కావాలంటాడు. ఎంత కావాలో కూడా వాడే చెబుతున్నాడు. మత్తు కోసం వచ్చే ఇలాంటివాళ్లను చాలామందిని చూశాను."

"మోతాదు అలా చెప్పమని మేమే నేర్పాం సార్. పద్నాలుగో ఏడు నుంచి పరీక్ష పెట్టి మరీ నేర్పాం."

"నేర్పి నా మీదికి తోలారన్నమాట. సరే బొమ్మల డాక్టరూ, మందు నువ్వే రాయి. బాధ్యత కూడా నీదే."

గ్రెటా అప్పటికప్పుడే కంప్యూటర్లో రాసింది. "ఇరవై నిమిషాల్లో వచ్చేస్తుంది, ఓర్చుకో" అని మార్క్వెల్ భుజం తట్టి పైకి పరిగెత్తింది. పైన తొమ్మిదిమంది కొత్త రోగులు.

పదిన్నరకు దిగి వచ్చేసరికి మంచం ఖాళీ. వైద్యం వద్దని సంతకం పెట్టి వెళ్లిపోయాడని నర్సు చెప్పింది. మందు మాత్రం రాలేదు. గ్రెటా మందుల విభాగానికి ఫోన్ చేసి విరుచుకుపడింది.

"మీరు కిలో బరువుకి ఇంత అని రాశారు డాక్టర్" అన్నాడు అవతలి మనిషి తాపీగా. "అది పిల్లలకు రాసే పద్ధతి. ఇక్కడ మొత్తం ఎంతో రాయాలి. లేకపోతే కంప్యూటరు ఆపేస్తుంది. అడుగుదామని మీకు మూడుసార్లు ఫోన్ చేశాం."

"ఏ నంబరుకి?"

అతను చెప్పింది పిల్లల వైపు వాడే ఫోన్ నంబరు. నిన్న సాయంత్రమే ఆమె దాన్ని అక్కడ అప్పగించి వచ్చింది. తిట్టడానికి ఇంకెవరూ మిగలలేదు. మూడు నెలలు అరవై ఒక్క కిలోలూ నాలుగు కిలోలూ ఒకే తీరున లెక్కగట్టిన వేళ్లు ఈ ఉదయం కూడా అదే లెక్క కొట్టేశాయి.

మార్క్వెల్ అమ్మమ్మ ఒడెస్సాకు ఫోన్ చేసింది. "మిస్ ఒడెస్సా, ఎక్కడున్నారు మీరు?"

"ఇంకెక్కడికి పోతాం తల్లీ! మీ పిల్లల ఆసుపత్రిలోనే కూర్చున్నాం. చూస్తారట, వయసు దాటింది గనక చేర్చుకోరట, మళ్లీ ఆ పక్కకే పంపుతారట. మొన్న కేకు తినిపించినవాళ్లే ఇవాళ నీ పుట్టినరోజెప్పుడని అడుగుతున్నారు!"

గ్రెటా వంతెన మీద పరిగెత్తింది. అక్కడ దొరికిన చక్రాల కుర్చీ పసుపుపచ్చది, చేపబొమ్మలది. మార్క్వెల్ మోకాళ్లు దాదాపు గడ్డానికి తగులుతున్నాయి. చెమటతో చొక్కా ఒంటికి అంటుకుపోయింది.

"నేనటు రాను. వాళ్లు నన్ను దొంగను చూసినట్టు చూశారు. మీరేమో ఇరవై నిమిషాలన్నారు."

"తప్పు వాళ్లది కాదు, నాది. తప్పుగా రాశాను."

"మీరా?" నొప్పిలోనూ తలెత్తి చూశాడు. "నాకు పరీక్షలు పెట్టింది మీరే కదా!"

"పెట్టాను. నేనే తప్పాను. ఈసారి మందు నీ చేతికెక్కేదాకా అక్కణ్ణుంచి కదల్ను."

ఆ కుర్చీలోనే వాణ్ణి వంతెన దాటించి, మాట నిలబెట్టుకుంది. మిల్లీగ్రాములు మొత్తంగా రాసి, మందుల కిటికీ ముందు నిలబడి, తెచ్చి, నర్సు పక్కనే నిలుచుంది. హాల్‌బర్గ్ రెండుసార్లు పిలిపించాడు. మూడోసారి తనే వచ్చి, "వెండార్ఫ్, ఇంతకీ నువ్వు ఏ ఆసుపత్రిలో పనిచేస్తున్నావు?" అన్నాడు.

"అదే నాకూ అర్థం కావడం లేదు సార్" అంది. నిజంగానే అంది.

పన్నెండయ్యేసరికి మార్క్వెల్ దవడలు వదులయ్యాయి. పెద్దల సికిల్ సెల్ క్లినిక్‌కు ఫోన్ చేస్తే జనవరి పద్నాలుగున రమ్మన్నారు. అప్పటికి ఆమె మళ్లీ వంతెనకు అటువైపు ఉంటుంది. ఏ వైపున్నా మారనిది ఒక్కటే, మంగళవారం మధ్యాహ్నం తన సొంత క్లినిక్. అది డిసెంబరు దాకా నిండిపోయింది.

"పన్నెండున్నరకు రా. నా భోజనం వేళ. ప్రతి నెలా మొదటి మంగళవారం. పెద్ద క్లినిక్ వాళ్లు నిన్ను తీసుకున్నాక కూడా."

"ఎన్నాళ్లు?" అడిగింది ఒడెస్సా.

"నా చదువయ్యేదాకా. రెండేళ్లకు మూడు నెలలు తక్కువ."

"ఆ తర్వాత వీణ్ణి ఎవరు చూస్తారు?"

ఏదో ఒకటి చెప్పొచ్చు. గ్రెటా నిజమే చెప్పింది. "తెలీదు మిస్ ఒడెస్సా."

ముసలావిడ చేతిసంచీ ఒళ్లో సర్దుకుంది. "కేకు వాళ్లకన్నా నయం. తెలీదని చెప్పావు."

"మంగళవారం నాకు గ్యారేజీలో పని" అన్నాడు మార్క్వెల్ కళ్లు మూసుకునే. "చూస్తాను."

"చూడ్డం కాదు. నువ్వు రాకపోతే నేనే గ్యారేజీకొస్తాను."

"వద్దు డాక్టరమ్మా, మావాళ్లు ఆర్నెల్లు నవ్వుతారు."

"నవ్వనీ."

మార్క్వెల్ దిండు మీద తల పక్కకు వాల్చాడు. నిద్రపోయాడేమోనని ఆమె లేవబోయింది.

"పన్నెండున్నరకే కదా?" అన్నాడు.