మస్కట్ దాకా సోపతి

ఉదయం ఏడున్నరకు సాతంరాయిలో బయలుదేరాం. వెళ్ళాల్సింది ఎయిర్‌పోర్టుకే, అరగంట ప్రయాణం. టికెట్టున్నది మల్లేశ్ ఒక్కడికే గానీ వ్యానులో కాలు పెట్టే సందు లేదు. మల్లేశ్ మా ఇంటి ఓనరు, మస్కట్‌లో డ్రైవరు ఉద్యోగానికి పోతున్నాడు. అతని చిన్ననాటి దోస్తు అంజయ్య, ‘‘సార్, మీరు గూడ సోపతి రాండ్రి’’ అని నన్నూ ఎక్కించాడు.

‘‘నేనొచ్చి ఏం చేయాలండీ?’’

‘‘పనేం లేదు సార్. సోపతికే.’’

మా భీమవరంలో తోడు అంటే ఒక మనిషి. ఇక్కడ సోపతి అంటే వ్యానెడు మంది! పోయిన నెల మల్లేశ్ ఒంటరిగా వెళ్ళి, భయమేసి, గేటు దగ్గర్నుంచే తిరిగొచ్చేశాడట. ఈసారీ వెనక్కి వస్తే ఉద్యోగం ఇంకొకరిది. అందుకే ఈ దండయాత్ర.

శంషాబాద్‌లో ఇడ్లీ, చాయ్ కోసం ఆగాం. మల్లేశ్‌కు ముద్ద దిగలేదు. అతని ప్లేటు కూడా దోస్తులే ఖాళీ చేశారు, అదీ సోపతిలో భాగమేనట.

టికెట్టున్నవాళ్ళే లోపలికి అన్నాడు గేటు దగ్గర జవాను. మల్లేశ్ వెనక్కి చూసుకుంటూ వెళ్ళాడు. విమానాలెక్కిన అనుభవం ఉన్నది నాకొక్కడికే కాబట్టి, ‘‘మన పని అయిపోయింది, వెళ్దామా?’’ అన్నాను. అందరూ నన్ను జాలిగా చూశారు.

కాసేపటికి మల్లేశ్ ఫోను. ‘‘ఉన్నరా, పోయిండ్రా?’’

‘‘ఈడనే ఉన్నం. నువ్వు ఎక్కెదాక కదలం’’ అన్నాడు అంజయ్య.

ఇంకో రెండుసార్లు అదే ప్రశ్న, అదే జవాబు. చివరికి, ‘‘సీట్ల కూసున్న’’ అన్నాడు మల్లేశ్. కేకలు, ఈలలు. నాకూ గుండె తేలికపడింది.

తిరుగు దారిలో వ్యాను పక్కకు ఆపి, పైకి లేచిన ప్రతి విమానానికీ చేతులూపారు. ‘‘అది ఢిల్లీ వెళ్ళేదేమో!’’ అని నవ్వాను.

‘‘అన్నిటికి ఊపితే అండ్ల ఒకటి మనోనిది గాదా సార్?’’ అన్నాడు అంజయ్య.

తర్కం బాగానే ఉంది. నేనూ ఊపాను.

మళ్ళీ వ్యానెక్కాక అంజయ్యకు ఒకటే మెచ్చుకోళ్ళు. మల్లేశ్‌కు నచ్చజెప్పి ఒప్పించింది అతనే మరి. సాతంరాయి దగ్గరపడేసరికి అతను కిటికీలోంచి బయటికి చూస్తూ మెల్లగా అన్నాడు:

‘‘పట్టుబట్టి నేనే తోలిచ్చిన. ఇగ నాకెవరు సోపతి?’’

వ్యాను నిండా మనుషులం.