విజయ్ పాల్ కుడిచెయ్యి

ద్రాక్షారామం చుట్టుపక్కల ఏ చర్చి గోడ మీద బైబిలు వాక్యం కనిపించినా అది విజయ్ పాల్ రాసిందే. స్కేలు పెట్టకుండా, సుద్దగీత గీయకుండా ముప్పై ఏళ్లు అక్షరాలు రాశాడు.

ఏడాది కిందట కుడిచెయ్యి వణకడం మొదలైంది. కాకినాడ డాక్టరు నరాల జబ్బన్నాడు. మందులు వాడినా తగ్గుతుందని చెప్పలేనన్నాడు. ఆ సంగతి భార్య మెర్సీకి తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. వచ్చిన పనులన్నీ ఏదో వంక చెప్పి తప్పించుకునేవాడు.

అలాంటప్పుడు కోరంగి దగ్గర షూటింగు చేస్తున్న సినిమావాళ్లు పిలిచారు. రెండో ప్రపంచయుద్ధంలో బాంబులు పడ్డప్పుడు రంగూన్ వదిలి, అడవుల్లో నడిచొచ్చిన తెలుగువాళ్ల కథ అది. రంగూన్ వీధి సెట్టుకి తెలుగు దుకాణాల బోర్డులు చేత్తో రాయాలి. ఇదీ వద్దంటే ఇక ఎవరూ పిలవరన్న భయంతో వెళ్లాడు.

మొదటి బోర్డు మీద 'శ్రీ' దగ్గరే గీత వంకరపోయింది. రెండుసార్లు తుడిచి రాశాడు. మూడోసారి కుంచె జారి రంగు కిందిదాకా కారింది. సెట్టు పని చూసే మహేంద్ర వచ్చి, "ఏంటండీ ఇది? మీకు చాలా పేరుందని చెప్పారే!" అన్నాడు. విజయ్ పాల్ కుంచెలు తుడిచి సంచి సర్దుకున్నాడు.

అదంతా దూరం నుంచి చూసిన డైరెక్టరు హర్షిత అతన్ని గేటు దగ్గర ఆపింది.

"మీరు ఒక వేషం వేస్తారా అండీ? దారిలో కూతురు చచ్చిపోతుంది. తండ్రి చెక్క మీద బొగ్గుతో ఆ పిల్ల పేరు రాసి అక్కడ పాతుతాడు. రాసేటప్పుడు చెయ్యి వణకాలి."

"నా జబ్బు చూసి అడుగుతున్నారా అమ్మా?"

"అవునండి" అందామె.

విజయ్ పాల్‌కి ఒళ్లు మండిపోయింది. కానీ ఉత్త చేతులతో మెర్సీ ఎదుటికి ఎలా వెళ్లాలో తెలియక ఒప్పుకున్నాడు.

మర్నాడు మడచెట్ల మధ్య బురదలో, చిరిగిన పంచెతో కూర్చోబెట్టారు. పక్కన కూతురి శవానికి బదులు గుడ్డ కప్పిన బొమ్మ. బొగ్గు పట్టుకోగానే ఎలా ఆగిందో గాని, చేతి వణుకు ఆగిపోయింది. 'సుందరమ్మ' అని రాశాడు. సున్నా గుండ్రంగా, ఒత్తు తిన్నగా వచ్చాయి. ఏడాది తర్వాత తన అక్షరం మళ్లీ చూసుకున్నాడు.

"బాగుందండీ, కానీ చెయ్యి వణకలేదు. ఇంకోసారి చేద్దామా?" అంది హర్షిత.

"ఇదే ఉంచెయ్యండమ్మా. కూతురి పేరు కదా, ఏ తండ్రయినా బాగా రాయాలనే చూస్తాడు."

"చూసేవాళ్లకి ఆయన బాధ తెలియాలి కదండీ."

కొత్త చెక్క తెచ్చారు. ఈసారి రెండో అక్షరం దగ్గరే బొగ్గు విరిగింది. మిగిలిన ముక్కతో గీకుతూ, "రాదు, ఇంక రాదు" అని ఏడ్చేశాడు. అది ఎవరో రాసిచ్చిన మాట కాదు. సినిమాలో ఆ ఏడుపే ఉంచారు.

విడుదలయ్యాక చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. "నిజంగా వణుకుతున్నట్టే చేశారండీ, ఆయ్!" అన్నారు. అతను అవునన్నట్టు తలూపేవాడు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు ఎజ్రా గారు అందరి ముందూ భుజం తట్టారు.

"కొత్త గోడకి సున్నం వేయించాం. క్రిస్మస్ వాక్యం మీరే రాయాలండి."

మెర్సీ తల దించుకుంది. విజయ్ పాల్ జేబులోంచి కుడిచెయ్యి తీసి ముందుకు చాపాడు.

"అది నటన కాదండి, పాస్టరు గారూ."

పాస్టరు గారు ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు. అయినా అది వణుకుతూనే ఉంది.

ఆ క్రిస్మస్‌కి గోడ మీద వాక్యం అచ్చేసిన ఫ్లెక్సు కట్టారు.