నాలుగింటి పరదా

"...అంటే మీ పిల్లోళ్లు సాయంత్రం చల్లగా ఈత కొట్టాల, మేము మాత్రం ఇండ్లలో కూసోని మోకాళ్లకు నూనె పూసుకోవాల. అంతేనా సెక్రెటరీ సారూ?"

"అదేంటండి మేడమ్, ఈ రూలేదో నేను మా ఇంట్లో కూర్చుని రాసుకొచ్చినట్టు మాట్లాడతారు? ఇన్సూరెన్స్ వాళ్లు అడిగారు. పూల్ తెరిచి ఉన్నంతసేపూ సర్టిఫికెట్ ఉన్న లైఫ్‌గార్డు ఉండాలి. లేడీస్ టైములో మగ లైఫ్‌గార్డుని మీరు రానివ్వరు. ఆడ లైఫ్‌గార్డు దొరకట్లేదు. నన్నేం చేయమంటారు చెప్పండి?"

"ఎంతమందిని అడిగినారు?"

"అడిగామండీ."

"ఎంతమందిని అంటాండా."

సెక్రెటరీ ఉదయకిరణ్ గేటుకు నోటీసు అతికించి వెనక్కి తిరిగాడు. పరదాకు ఇవతల కుర్చీలు తుడుస్తున్న మదార్బీ చేతిలో గుడ్డ ఆగిపోయింది. చెప్పుల చప్పుడు దూరమయ్యాక మదార్బీ గేటు తాళం తీసింది. మేరాజ్ బేగం లోపలికి వచ్చింది. అరవై రెండేళ్ల మనిషి. కర్నూలు నుంచి వచ్చి కొడుకు దగ్గర, పద్నాలుగో నంబరు విల్లాలో ఉంటోంది.

"విన్యావా? వచ్చే నెల ఒకటో తేదీ నుంచి మనకు బంద్ అంట. నోటీసు అతికిచ్చి పోయినాడు."

మదార్బీ చేయి చాచింది. మేరాజ్ బేగం ఫోను తీసి ఆ చేతిలో పెట్టింది. మదార్బీ దాన్ని కొయ్య పెట్టెలో పద్నాలుగో గూట్లో పెట్టింది.

సౌదీలోని దమ్మామ్‌లో ఆ కాంపౌండ్‌కు చుట్టూ ఎత్తైన గోడ, లోపల అరవై విల్లాలు, మధ్యలో ఒక ఈతకొలను. కొలను కాంపౌండ్ నడిపే కంపెనీది, దాని మీద రూళ్లు మాత్రం అద్దెకుండేవాళ్ల కమిటీవి. రోజూ సాయంత్రం నాలుగు నుంచి ఆరు ఆడవాళ్ల వేళ. నాలుగవగానే మదార్బీ ఇనుప కంచె చుట్టూ ఆకుపచ్చ పరదా లాగుతుంది. గేటుకు లోపలినుంచి తాళం వేస్తుంది. వచ్చిన ప్రతి మనిషి దగ్గరా ఫోను తీసుకుని విల్లా నంబరున్న గూట్లో పెడుతుంది. ఎంత గొప్పింటి మనిషైనా ఫోనుతో ఆ గేటు దాటడానికి లేదు. ఒకసారి కంపెనీ మేనేజరు చెల్లెలు చేతిసంచిలో దాచుకుని వచ్చింది. మదార్బీ ఆమెను తిప్పి పంపింది. అప్పటి నుంచి ఆడవాళ్లు తలగుడ్డ తీసి ఆ పెట్టె పక్కన కొక్కేనికి తగిలించేటప్పుడు వెనక్కి తిరిగి చూడడం మానేశారు.

మదార్బీది రాయచోటి దగ్గర పల్లె. సౌదీకి వచ్చిన మొదట్లో ఆరేళ్లు ఒక ఇంట్లో పనిచేసింది. వంటింటి పక్కనే పడక. ఆ గదికి తలుపైతే ఉంది గానీ గడియ లేదు. ఎవరు ఎప్పుడు పిలిచినా లేవాలి. తర్వాత కఫాలత్, అంటే వీసా పూచీ, మారి ఈ కంపెనీ కిందికి వచ్చింది. ఎనిమిదేళ్లుగా మొలలో ఈ గేటు తాళంచెవి ఉంది. పని మొదలయ్యే వేళా అయిపోయే వేళా ముందే తెలుస్తాయి. ఆ తాళంచెవినీ ఆ వేళలనూ ఆమె ఎవరి కోసమూ వదులుకోదలచుకోలేదు.

మరునాడు పొద్దున కంపెనీ సూపర్‌వైజర్ ప్రసాద్ కబురు పెట్టాడు.

"లేడీస్ టైము లేకపోతే నీ పోస్టు కూడా ఉండదు మదార్బీ. ముప్పై ఒకటో విల్లా వాళ్లు ఇంటిపనికి మనిషి కావాలంటున్నారు. అక్కడికి మారిపో. కాదంటే ఎగ్జిట్ కొట్టించుకుని ఊరికి పోవాలి. నీ మంచికే చెప్తున్నా."

"యోచన చేస్తా సార్," అంది. బయటికి వచ్చి నేరుగా కమిటీ ఆఫీసుకు నడిచింది.

ఉదయకిరణ్ కాకినాడ వాడు. ఏదో ఆయిల్ సర్వీస్ కంపెనీలో ఇంజినీరు. చెడ్డవాడు కాదు. కాగితం మీద ఉన్నదాన్ని కాగితం మీద ఉన్నట్టే నమ్మే మనిషి.

"సార్, ఆ పరీచ్చ నేను రాస్తా."

"ఏ పరీక్ష?"

"లైఫ్‌గార్డుది. నాకు ఈత వచ్చు."

ఉదయకిరణ్ లాప్‌టాప్ మీద నుంచి తలెత్తాడు. "నీకా? ఎక్కడ నేర్చుకున్నావ్?"

"మా బాయిలో సార్."

"బావిలోనా!" ఆపుకోలేక నవ్వాడు. "చూడమ్మా, బావిలో ఈత వేరు, ఇది వేరు. నీకు వయసెంత?"

"నలభై ఆరు. రూల్లో వయసు రాసినారా సార్?"

అతను నిజంగానే కాగితం తీసి చూశాడు. వయసు లేదు. కంపెనీ చేత అప్లికేషన్ పెట్టిస్తానన్నాడు. పరీక్ష పది రోజుల్లో. శిక్షణ సంస్థ నుంచి ఆడ ట్రైనరే వస్తుంది. కమిటీ మీటింగు ఆ వచ్చే శనివారం.

"కాకపోతే పదకొండో రూలు తెలుసుగా? స్టాఫ్ నీళ్లలో దిగకూడదు. ప్రాక్టీసంటూ పూల్లోకి దిగావంటే నేనే రిపోర్ట్ రాయాల్సొస్తుంది."

ఎనిమిదేళ్లలో ఆమె ఆ నీళ్లలో పాదం తడపలేదు. మెట్లు కడిగినప్పుడు కూడా గొట్టం పట్టుకుని గట్టు మీదే నిలబడేది. పదకొండో రూలు సంగతి విని మేరాజ్ బేగం గేటు దగ్గరి రిజిస్టరు ముందుకు లాక్కుంది.

"ఒక విల్లాకు ఇద్దరు గెస్టులు రావచ్చునని ఎనిమిదో రూలు. డ్యూటీ లేనప్పుడు నువ్వు స్టాఫ్ కాదు గదా?"

"కాదు."

"శుక్రారం నీకు సెలవే. తక్కిన దినాలు గంట ముందు డ్యూటీ దిగినట్టు ప్రసాద్ దగ్గర రాయించుకో. ఆ గంట నేను గేటుకాడ కూసుంటా. నువ్వు పద్నాలుగో విల్లా గెస్టువు. సంతకం పెట్టు."

"మీరు ఫోన్లు తీసుకోగలరా బేగమ్మా? మొగమాటం పడతారు."

"నా కోడలి ఫోను రోజూ గుంజుకుంటాండా. నాకు నేర్పొద్దు."

ప్రసాద్ గొణిగాడు గానీ రాసిచ్చాడు. మదార్బీ గెస్టుల కాలమ్‌లో తన పేరు తెలుగులో రాసింది. మేరాజ్ బేగం ఇచ్చిన, ఒంటినిండా కప్పే ఈత దుస్తులు వేసుకుని లోతు వైపు గట్టు మీద నిలబడింది. ముక్కు మూసుకుని, కాళ్లు దగ్గరికి చేర్చి, నిట్టనిలువునా దూకింది. నీళ్లు గట్టెక్కి కుర్చీల కాళ్ల దాకా వచ్చాయి.

చిన్నప్పుడు నాయన ఆమె నడుముకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి బావిలోకి తోశాడు. పదేళ్లొచ్చేసరికి బావిలో మోటారు పైపు అడుగున జల్లెడకు నాచు చుట్టుకుంటే తీసేపని ఆమెదే. నాలుగు మట్లు, అంటే నాలుగు నిలువుల లోతు. అందుకే అడుగుకు పోవడం మరిచిపోలేదు. ఒక్క మునకలో కొలను నేల తాకి వచ్చింది.

చిక్కల్లా కొలను నిడివి తిన్నగా ఈదడంలో వచ్చింది. ఈ చివర బయలుదేరి పది బారలు వేసేసరికి తల పక్కగోడకు కొట్టుకుంది. మళ్లీ మొదలుపెట్టింది. ఈసారీ అదే గోడ. ఎంత జాగ్రత్తపడినా ఒళ్లు ఎడమకే తిరుగుతోంది. నీళ్లలో మోకాళ్లు ఆడిస్తూ నడిచే ఆడవాళ్లు ఆమె వస్తుంటే జరిగిపోయి నవ్వుకున్నారు. మూడో రోజుకు గానీ ఆమెకు సంగతి అర్థం కాలేదు. వాళ్ల బావి గుండ్రం. పుట్టి బుద్ధెరిగి ఆమె గుండ్రంగా తప్ప ఈదలేదు. పైగా తల నీళ్లలో పెట్టే అలవాటు లేదు. బావిలో పాములుంటాయి, తల ఎత్తి చూసుకుంటూ ఈదాలి.

ఆరు దాటాక పంపు గదికి వెళ్లి మస్తాన్‌కు చెప్పింది. అతను నెల్లూరు కుర్రాడు. నీళ్లలో క్లోరిన్ పరీక్షించి, ఫిల్టర్లు కడిగేది అతనే. ఆ గది తలుపు మీద ఎర్ర సూర్యుడి బొమ్మతో ఒక కాగితం అతికించి ఉంది. ఎండాకాలం మూడు నెలలూ మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదన్నది సర్కారు రూలు. ఆ మూడు గంటలూ మస్తాన్ ఆ కాగితం కిందే కాళ్లు చాపుకుని పడుకుంటాడు.

"కింద నల్ల పలకల గీత ఉందిగదక్కా. మొహం నీళ్లలో పెట్టి దాన్నే చూసుకుంటా పో. ఇంక యాడికీ తిరగవు."

"పామొస్తే?"

"నేనేసే క్లోరిన్‌కి పామెక్కడ బతుకుద్దక్కా? నా వెంట్రుకలే రాలిపోతన్నాయి."

ఎనిమిదేళ్లుగా ఆ గీతను పైనుంచి చూస్తూనే ఉంది. ఈత కళ్లద్దాలు పెట్టుకుని మొహం ముంచిన మొదటిరోజు రెండుసార్లు నీళ్లు మింగింది. నాలుగో రోజు సగం దూరం తిన్నగా పోయింది. తొమ్మిదో రోజు ఆగకుండా రెండు నిడివులు ఈది, గట్టు పట్టుకుని దగ్గింది. మేరాజ్ బేగం గేటు దగ్గర నుంచి లేవకుండానే, "ఇంగొకటి," అంది. మదార్బీ ఇంకొకటి ఈదింది.

పరీక్ష రోజు ట్రైనర్ లీజా వచ్చింది. ఫిలిప్పీన్స్ అమ్మాయి, హిందీ ముక్కలు ముక్కలుగా మాట్లాడుతుంది. నిడివి ఈత చూసి, గడియారం చూసి, టిక్కు పెట్టింది. రబ్బరు పూత వేసిన ఇటుకను లోతులోకి విసిరింది. మదార్బీ నిట్టనిలువుగా దూకి, ఇటుకను చంకలో పెట్టుకుని, లీజా లెక్క పది దాటకముందే పైకి వచ్చింది. లీజా పెన్ను ఆగిపోయింది. "మళ్లీ చేయి," అంది. అది అనుమానం కాదు, మరోసారి చూడాలనుకుంది. మదార్బీ మళ్లీ చేసింది.

తర్వాత లీజాయే నీళ్లలోకి దిగి మునిగిపోతున్న మనిషిలా చేతులు కొట్టుకుంది. మదార్బీ వెనకనుంచి చేరి, ఆమె జుట్టుముడి పిడికిట్లో బిగించి, బరబరా గట్టుకు లాక్కొచ్చింది.

లీజా పెట్టిన కేకకు పరదా వెలుపల ఉన్న పిల్లలు కూడా గప్‌చుప్ అయ్యారు.

"జుట్టు పట్టుకుంటావేంటి? పిచ్చా నీకు?"

"మునిగేటోళ్లను జుట్టే పట్టుకోవాల మేడమ్. చెయ్యి అందిస్తే మనల్ని గూడా ముంచేస్తారు."

ఆమె ఊళ్లో అందరూ అట్లాగే తీస్తారు. ఆమె తమ్ముణ్ని నాయన అట్లాగే తీశాడు. వాడు ఇప్పుడు రాయచోటిలో ఆటో తోలుతున్నాడు. లీజా తల నిమురుకుంటూ కాగితం మీద ఇంటూ గుర్తు పెట్టింది. పక్కనే రెండో గడి ఉంది, ఇంకొక్క అవకాశానికి. గడ్డం కింద చెయ్యి ఎలా వేయాలో, మునిగే మనిషి వీపు తీసేవాళ్ల ఛాతీకి ఎలా ఆనాలో మూడుసార్లు చూపించింది. మదార్బీ ఒడ్డున నిలబడి గాలిలో చెయ్యి వంచి చూసుకుంది. దిగింది. వేళ్లు జుట్టు వైపే పోబోయాయి. వాటిని మడిచి, మోచెయ్యి గడ్డం కిందికి పోనిచ్చి, ఊపిరి ఆడించడం నేర్పే బొమ్మ దాకా లీజాను మోసుకొచ్చింది. ఆ బొమ్మ ఛాతీ మీద ముప్పైసార్లు లెక్కపెట్టి నొక్కింది. లెక్క తెలుగులోనే. లీజా అభ్యంతరం చెప్పలేదు.

శనివారం మీటింగుకు సర్టిఫికెట్ ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని వెళ్లింది. బల్లకు అటువైపు కమిటీ వాళ్లు ఐదుగురు, చివర ప్రసాద్. గోడవారగా మేరాజ్ బేగం, ఇంకో పదిమంది ఆడవాళ్లు.

ఉదయకిరణ్ సర్టిఫికెట్ రెండువైపులా చూశాడు. "కంగ్రాట్స్ మదార్బీ. నిజంగా. నేననుకోలేదు." తర్వాత గొంతు సవరించుకున్నాడు. "కాబట్టి లేడీస్ టైము రద్దు చేయడం లేదు. అయితే నాలుగు నుంచి ఆరు ఫ్యామిలీలకు కావాలని ఇరవై రెండు విల్లాల వాళ్లు రాసిచ్చారు. వాళ్ల మాటా వినాలి కదండీ. అందుకని లేడీస్‌కి ఒంటిగంట నుంచి మూడు."

ఆడవాళ్లలో గోల లేచింది. "ఆ ఎండలో గట్టు మీద కాలు పెడితే బొబ్బలే," అని ఎవరో అన్నారు. ప్రసాద్ బల్ల మీదుగా వంగి, మదార్బీకి మాత్రమే వినిపించేట్టు, "ఊఁ అను. నీ పోస్టు నిలబడింది, చాలు," అన్నాడు.

మదార్బీ ఆలోచించింది. ఒంటిగంటకు పరదా లాగితే తన తాళంచెవి తన మొలలోనే ఉంటుంది. ఖాళీ నీళ్లకు కాపలా కూర్చోవచ్చు. రెండు నెలలు పోయాక ఎవరూ రావడం లేదని ఇంకో నోటీసు అంటిస్తారు. అప్పుడు ముప్పై ఒకటో విల్లా.

"సార్, నేనిప్పుడు లైఫ్‌గార్డునే కదా?"

"అవును."

"లైఫ్‌గార్డు కుర్చీ గట్టు మీదుంటాది. పైన నీడ లేదు."

"లేదు. అయితే?"

"మస్తాన్ రూము తలుపు మీద ఎర్ర సూర్యుడి కాగితముంది సార్. పన్నెండు నుంచి మూడు దాకా ఎండలో పని చేపిచ్చకూడదంట. పోయి చూసి రండి."

ఉదయకిరణ్ వెళ్లలేదు. ఆ కాగితం అతనికీ తెలుసు. ప్రసాద్ కుర్చీలో వెనక్కి వాలి పైకప్పు చూశాడు. కమిటీలో ఒకాయన ఫోనులో ఏదో వెతికి, చదివి, ఫోను పక్కవాడికి ఇచ్చాడు. అది బల్ల చివరిదాకా పోయి వచ్చింది.

"సరే, ఒంటిగంట కుదరదు," అన్నాడు ఉదయకిరణ్. "పోనీ మూడు నుంచి ఐదు? మూడు దాటితే రూలు అడ్డం రాదుగా?"

"అడ్డం రాదు."

"మరి?"

మదార్బీ గోడవైపు చూసింది. మూడింటికి మెట్ల పక్కన స్టీలు కడ్డీ ఎండకు కాలిపోతుంటుంది, పట్టుకోడానికి ఉండదు. ఆ కడ్డీ పట్టుకోకుండా మేరాజ్ బేగం ఆ మోకాళ్లతో నీళ్లలోకి దిగలేదు. మేరాజ్ బేగం ఆమెనే చూస్తోంది. ప్రసాద్ గట్టిగానే దగ్గాడు. ఉదయకిరణ్ మినిట్స్ పుస్తకం మీద పెన్ను ఆనించి ఎదురుచూస్తున్నాడు.

"ఒకటో తేదీ నుంచి గూడా నాలుగింటికే పరదా లాగుతా సార్," అంది మదార్బీ. "ఆరింటికి తీస్తా. అట్లే రాసుకోండి."