వంతు అనే ఇల్లు, నేను విసిరిన రాయి

అనంతపురం జిల్లాలో రాయి పోగొట్టడమంటే సముద్రంలో ఉప్పు పోగొట్టడమే. ఆ ఘనకార్యం నేను చేశాను. పోయింది ఒక్కటంటే ఒక్క రాయి. ఆ దెబ్బకి ఓ గృహప్రవేశం ఆగిపోబోయింది, ఓ ప్రహరీగోడ ప్రాణం మీదికొచ్చింది. నా పరువు సంగతి చివర్లో చెబుతాను, కంగారు పడకండి.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. పుట్టిందీ పెరిగిందీ హైదరాబాద్‌లో. ఫోన్లకి కెమెరాలు కొత్తగా మొలుస్తున్న రోజులవి. నా ఫోన్ నిద్రలో కూడా నా అరచేతిలోనే ఉండేది. కోపం ముక్కు మీద ఉండేది. ఈ రెండింటి మధ్య బుర్రకి చోటు మిగిలేది కాదు.

మా పెదనాన్న కొడుకు ఓబులేసన్న బత్తలపల్లె దగ్గరి పల్లెలో కొత్తిల్లు కట్టాడు. రెండు రోజుల్లో గృహప్రవేశమనగా ఫోన్ చేశాడు.

"రేయ్ కిరణూ, వచ్చేటప్పుడు తాడిపత్రిలో దిగి, మనింటికి పెట్టే పేరు చెక్కిన పలక తీసుకోని రాప్పా. చెప్పి పెట్టినా."

"ఏం పేరన్నా?"

"వంతు."

"వంతా?"

"వంతే. మీ వదినా నేనూ కలిసి పెట్టుకున్న పేరు."

ఇళ్ళకి నిలయం అంటారు, సదనం అంటారు. వంతు ఏమిటండీ, రేషన్ షాపుకి పెట్టినట్టు! "అన్నా, 'స్వీట్ హోమ్' అని చెక్కిస్తా, అదిరిపోతుంది" అన్నాను.

"నువ్వేం చెక్కించాకు. మోసుకోని రా, సాలు."

ఆ పలకని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని బస్సులో వచ్చి, గృహప్రవేశం ముందురోజు మధ్యాహ్నం దిగాను. దిగగానే చూసింది ఇంటిని కాదు, సిగ్నల్‌ని. లేదు. గేటు పక్కన గోనెసంచి మీద ఓ రాయి పెళ్ళికొడుకులా కూర్చుని ఉంది. రాయికి గోనెసంచి పరిచారంటే ఏదో విశేషం ఉండి ఉంటుందని మీకు తడుతుంది. నాకు తట్టలేదు. మిద్దె మీదికి మోసుకెళ్ళి, మూలన వేసి, దానిమీద నిలబడ్డాను. ఒక్క గీత వచ్చింది! "హలో" అన్నానో లేదో కట్టయింది. మళ్ళీ చేశాను, మళ్ళీ కట్టయింది. మూడోసారికి నా కోపం నషాళానికంటింది. ఫోన్ విసిరేద్దామనుకున్నాను, అది ఖరీదైనది. రాయిని విసిరేశాను.

కింద ప్రహరీగోడ చివరి ముక్క కడుతున్న మేస్త్రీ ఖాదర్ ఎగిరి పక్కకి దూకాడు. "ఏం సార్, రాళ్ళవాన కురిపిస్తాండారా? మాకు కావాల్సింది నీళ్ళవాన సార్!"

రాయి వెళ్ళి గోడకోసం పోసిన రాళ్ళకుప్పలో పడింది. నేను సిగ్నల్ వెతుక్కుంటూ ఊళ్ళోకి పోయాను.

సాయంత్రం తిరిగొచ్చేసరికి సరస్వతి వదిన ఖాళీ గోనెసంచి పట్టుకుని నిలబడి ఉంది. "ఈడుండే రాయి యాడ?"

"కుక్క ఎత్తుకుపోయిందేమో వదినా."

"రాయిని చూస్తే కుక్క పరిగెత్తుతాది గదప్పా, ఎత్తుకపోతాదా?"

అన్న మొహం పాలిపోయింది. "రేపు ముహూర్తానికి ముందు దాన్ని గేటు స్తంభంలో పెట్టాల కదరా!"

"ఆ రాయి లేకుంటే నేను గడప తొక్కను" అంది వదిన.

ఊరి పక్క వాగు దాకా పరిగెత్తి, తెల్ల చారలున్న అందమైన రాయి ఒకటి తెచ్చి ఇచ్చాను. వదిన కన్నెత్తి కూడా చూడలేదు. "ఇది నాది కాదు."

"ఎలా తెలుసు?"

"నీ సెల్లుని నలభై సెల్లుల్లో కలిపితే నువ్వు గుర్తుపట్టవా?"

అంతే, నా నోరు జారింది. "ఒక్క రాయికి ఇంత గొడవా? జిల్లా నిండా రాళ్ళే కదా!"

వదిన అరుగు మీద కూర్చుంది.

"అప్పుడు మాకు కొళాయి లేదప్పా. రెండు దినాలకొక ట్యాంకరు. బడిగోడ వారన తలా ఒక రాయి పెట్టి కూలికి పోతాంటిమి. రాయి ఉంటే మనిషి ఉన్నట్టే. రాళ్ళ వరసలోనే నీళ్ళు. ఒకదినం శెనక్కాయ చేన్లో కలుపు తీసి ఉరుక్కుంటా వస్తి. నా రాయి ఆఖర్న ఉండాల. సూస్తే మీ అన్న రాయి జాగాలో నాది, నా జాగాలో ఆయప్పది! నా బిందె నిండింది, ట్యాంకరు అయిపాయ. ఈయప్ప ఖాళీ బిందెతో నిలబడుకోని ఉండాడు. నీ వంతు నాకెందుకిచ్చినావంటే ఏమన్నాడో తెలుసా?"

"ఇప్పుడవన్నీ ఎందుకులే" అంటూ అన్న గోడవైపు తిరిగాడు.

"నీ రాయి వెనకాల నిలబడేది నాకు బాగుంటాది అన్నాడు. ఆ పొద్దే మా నాయనకు చెప్పినా, చేసుకుంటే ఈయప్పనే అని. ఇప్పుడు ఇల్లొచ్చె, ఇంట్లోకి కొళాయొచ్చె. మా వంతు వచ్చింది. అందుకే ఆ పేరు, అందుకే నా ఆ రాయి."

నా చేతిలో ఫోన్ ఇటుకంత బరువెక్కింది. "వదినా, విసిరింది నేనే" అన్నాను.

అప్పుడే చేతులు కడుక్కుని వచ్చిన ఖాదర్ తల గోక్కున్నాడు. "ఆ కుప్పంతా గోడలోకి పోయింది కదక్కా!"

వదిన గోడ వెంబడి చేత్తో తడుముకుంటూ నడిచింది. గేటు దగ్గరికొచ్చి టక్కున కూర్చుంది. కింది నుంచి రెండో వరసలో, విరిగిన గాజుముక్కలాంటి తెల్లచారతో, అదుగో! అన్న గడ్డపార అందుకున్నాడు.

"దాన్ని పీకితే పైదంతా కూలుతుందన్నా!" ఖాదర్ కేకేశాడు.

వదిన నవ్వింది. "పీకాకు. వరసలో నిలబడేది దానికి అలవాటే. దాని జాగా అదే సూసుకునింది. పేరు పలక దానిపైనే అతికించు ఖాదరన్నా."

మర్నాడు వచ్చిన వాళ్ళందరూ మోకాళ్ళ ఎత్తులో ఉన్న పేరు చదవడానికి గొంతుక్కూర్చోవాల్సి వచ్చింది. "ఏందమ్మా, పేరు కాళ్ళకాడ పెట్టినారు?" అన్న ప్రతివాళ్ళకీ వదిన ఒకటే జవాబు: "మా మరిది పట్నం నుంచి తెచ్చిన ఫ్యాషన్." ఇదీ నా పరువు సంగతి.

అందరూ భోజనాలకి వెళ్ళాక నేనూ గొంతుక్కూర్చుని, ఆ రాయి మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను. ఇకమీదట ఈ జిల్లాలో ఏ రాయినైనా, గులకరాయైనా సరే, చుట్టూ నాలుగిళ్ళలో అడిగి, ఎవరిదీ కాదని తేలాకే ముట్టుకుంటాను. కోపం ఆగకపోతే ఫోన్‌నే విసురుతాను. ఇది సత్యం, సత్యం...

మూడో సత్యం నోట్లో ఉండగానే ఫోన్ మోగింది. చూస్తే సిగ్నల్ నిండా ఉంది! ఆ ఇంటిలో సిగ్నల్ నిండా దొరికే చోటు అదొక్కటే, అదీ గొంతుక్కూర్చుంటేనే.

వెనక వదిన గొంతు వినబడింది. "మాట్లాడుకోప్పా మరిదీ. ఇప్పుడు నీ వంతు."