సాక్షి సీసాలో మొగుడి మొహం

బురదక్క చేతులకు ఇరవై రెండేళ్లుగా క్రీము తగల్లేదు. ఆ అరచేతి మీద అగ్గిపుల్ల గీస్తే వెలిగేది. నమ్మనివాళ్లు నమ్మకపోండి, పుల్ల అందించినవాళ్లు ఇంకా ఉద్యోగంలోనే ఉన్నారు.

ప్రయోగశాలలో ఆవిడ పని సముద్రం అడుగు బురదతో. గాజు సీసాల్లో వచ్చిన బురదని గడ్డకట్టించి, ఆరబెట్టి, జల్లించి, ద్రావకంలో నానబెట్టి అందులోని నూనెలు, పురుగుమందులు, ఒంటికి పూసుకునే లేపనాల జాడ లాగుతుంది. పక్క గదిలోని యంత్రం చెరువులో చిటికెడు వేసినా పట్టేస్తుంది. అందుకని ఆవిడ గదిలో ప్లాస్టిక్ మూత ఉండదు, సెంటు పూసుకున్నవాళ్లకు గడప దాటే యోగం ఉండదు. తనిఖీకి వచ్చిన పెద్దమనిషి చేత మూడుసార్లు మోచేతుల దాకా కడిగించి, చివరికి వాసన చూసి, కిటికీలోంచి చూస్తే ఇంకా బాగా కనిపిస్తుందని బయటే నిలబెట్టింది.

ఇన్నేళ్లలో ఒక్క విడత బురద కూడా తన వల్ల పాడవలేదన్నది ఆవిడ గొప్ప. తలుపు వెనక సుద్దతో ఏళ్ల సంఖ్య రాసి, ఏటా తుడిచి కొత్తది వేస్తుంది. అప్పటికి అక్కడ ఇరవై రెండు ఉంది.

ఆ వేసవిలో నలభై సీసాలు వచ్చాయి. యంత్రం చూసే అమ్మాయి గీతల కాగితం పట్టుకొచ్చింది.

"అక్కా, అన్నిట్లోనూ సన్‌స్క్రీన్ ఉంది."

"ఉండదా మరి. తీరం నిండా పూసుకుని దూకేవాళ్లేగా."

"సాక్షి సీసాలో కూడా ఉందక్కా."

బురదక్క చేతిలోని జల్లెడ ఆగిపోయింది. సాక్షి సీసాలో ఉండేది బురద కాదు, కాల్చి శుభ్రం చేసిన ఇసుక. పడవ మీద మిగతా సీసాల మూతలు తీసి ఉన్నంతసేపు దాని మూత కూడా తీసి ఉంచుతారు. దాంట్లో ఏమైనా దొరికితే అది సముద్రంలోంచి వచ్చింది కాదు, మనుషుల్లోంచి వచ్చింది. గదిలోనే ఉండిపోయిన ఇంకో ఇసుక సీసా శుభ్రంగా ఉంది. అంటే తప్పు పడవలో జరిగింది. పడవ నడిపి, సీసాలు నింపేది ఆవిడ మొగుడే.

మధ్యాహ్నం ఇంటికి పోతే ఆయన నూనె పట్టించిన గిన్నెలా మెరుస్తూ అన్నం తింటున్నాడు.

"పడవలో అది పూసుకున్నారా?"

"నువ్వే కదా కొన్నావు. మొహం మాడిన గిన్నె అడుగులా ఉందని నెల్లాళ్లు ఏడిపించి మరీ ఇచ్చావు. రెండు గంటలకోసారి పూసుకోమన్నావు."

"చేతులు?"

"చొక్కాకి తుడుచుకున్నాగా."

బురదక్క పీట మీద కూలబడింది. ఊరందరి చేతులూ వాసన చూసిన మనిషి సొంత మొగుడి మొహం మర్చిపోయింది. ఆయన మాత్రం నింపాదిగా ఉపాయం చెప్పాడు. ఆ ఒక్క సీసా చెయ్యి జారి పగిలిందని రాసేస్తే సరిపోతుందట, సముద్రం వచ్చి కాదంటుందా అట.

అదీ నిజమే. సాక్షి లేకపోతే తప్పంతా తీరంలో ఈదేవాళ్ల మీదికి పోతుంది, తలుపు వెనక అంకె చెక్కుచెదరదు. మర్నాడు పొద్దున్నే వెళ్లి, ఇంకా కాస్త ఇసుక మిగిలి ఉన్న ఆ సాక్షి సీసాని చేతిలోకి తీసుకుంది. ఆ గరుకు చేతుల్లోంచి సీసా జారిందంటే ప్రయోగశాల నడిపే మేడమ్ సంగతటుంచి, సీసా కూడా నమ్మదు.

దాన్ని పదిలంగా బల్ల మీద పెట్టి, పెద్ద పుస్తకంలో రాసింది: నలభై సీసాలూ పనికిరావు. కారణం, పడవ నడిపే మనిషి మొహం. ఆ మొహానికి కారణం, నేను.

మేడమ్ రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుంది. నవ్వు ఆపుకోవడానికని యంత్రం చూసే అమ్మాయి అంటుంది. మళ్లీ బురద తెమ్మంది, అంతే. బురదక్క వెళ్లి ఇరవై రెండు తుడిచి సున్నా వేసింది, పెద్దది, గదిలో అడుగుపెట్టిన ప్రతివాళ్లకీ కనిపించేంతది.

ఈసారి పడవలో తనూ ఎక్కింది. మొగుడి చేతులు మూడుసార్లు కడిగించి, వాసన చూసి, అప్పుడు సీసా ఇచ్చింది. సాక్షి సీసా గీత చాప పరిచినట్టు చదునుగా వచ్చింది. బురదలో సన్‌స్క్రీన్ ఉండనే ఉంది, మొదటిదాంట్లో పదో వంతు.

ఆయన మొహం మళ్లీ మాడింది. బురదక్క ఓ టోపీ కొనిచ్చింది గానీ, గిన్నె మాట మాత్రం ఎత్తలేదు.